అనుభాషణము



నేను కూర్చున్న ఈ గది మిగుల చిన్నది. ఎదుట ఒక బల్ల, బల్లమీద మైకు, దానికి ఆవల ఒక గాజుపలక, ఆ గాజుపలక వెనుక చేతితో సైగచేయుటకు సిద్ధముగా నున్న ఒక ఉద్యోగి, ఇంతే. నలువది సంవత్సరములుగా తరగతి గదులలోను, గ్రంథాలయ వార్షికోత్సవములలోను, ఆలయ మండపములలోను మాటలాడుచు వచ్చిన నాకు, ఒక్క ముఖమైనను కనబడని ఈ చోటికి వచ్చిన తరువాతనే, ఇంతకాలము నా మాటను నడపించినవి నా యెదుట కూర్చున్నవారి కన్నులని తెలియవచ్చినది. వారు కనుబొమలు ముడిచినప్పుడు నేను మఱియొక ఉదాహరణమును వెదకికొంటిని. వారు గోడ గడియారము వంక చూచినప్పుడు ప్రకరణమును ముగించితిని. వెనుక వరుసలో ఒక వృద్ధుడు చెవికి చేయి చేర్చినప్పుడు గొంతు పెంచితిని. మాటలాడు విద్యకు మూలము వినుటయందున్నదని నేను నమ్ముదును. ఈ సాయంకాలము మీకు చెప్పదలచినది ఆ యొక్క సంగతియే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన వక్తృత్వపు పోటీకి న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకనిగా నన్ను పిలిచినారు. విషయము తెలుగునాట ఏ పాఠశాలకైనను పరిచితమైనదే: కత్తి గొప్పదా, కలము గొప్పదా. ఎనిమిదిమంది పిల్లలు మాటలాడవలెను. ఆ పక్షమున నలుగురు, ఈ పక్షమున నలుగురు. కలము పక్షపు మొదటి బాలుడు వేదిక నెక్కి, అధ్యక్షునకును సభకును వందనము చేసి, ఇంటిలో పెద్దవారెవరో వ్రాసియిచ్చిన చక్కని ఉపన్యాసమును ధారాళముగా ఒప్పజెప్పి, చప్పట్ల నడుమ దిగిపోయినాడు. కత్తి పక్షపు రెండవ బాలుడు, మొదటివాడు చెప్పినదానితో తనకేమియు నిమిత్తము లేనట్లు, తనకు వ్రాసియిచ్చిన ఉపన్యాసమును తానును ఒప్పజెప్పినాడు. మూడవవాడు సగములో ఒక మాట మఱచి, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకొని, పైకప్పు వంక చూచి, ఆ మాట దొరకక, మరల ‘అధ్యక్షా’ అని మొదటినుండి మొదలుపెట్టినాడు. పాపము, ఆ పిల్లవాని తప్పేమియు లేదు. అర్థముతో కాక అక్షరములతో అల్లిన హారము అట్లే ఒక్క పూస జాఱుటతో అంతయు జాఱిపోవును.

ఐదవదిగా వచ్చిన బాలిక చేతిలో అఱచేయి యంత కాగితపు ముక్క యున్నది. అందులో ఆమె ఏమి వ్రాసికొన్నదో తరువాత అడిగి చూచితిని. తనకు ముందు మాటలాడిన నలుగురి మాటలను ఒక్కొక్కరికి ఒక్కొక్క పంక్తిగా వ్రాసికొన్నది. ఆమె కలము పక్షమున మాటలాడవలసినది. వేదిక నెక్కుటతోడనే కత్తి పక్షపు బాలుని వైపు తిరిగి, “అన్నయ్యా, నీవు చెప్పినది నాకిట్లు అర్థమైనది: శత్రువు వచ్చి ఊరిని ముట్టడించిననాడు పుస్తకములు ఊరిని కాపాడలేవు, పుస్తకములను కూడ కత్తియే కాపాడవలెను. సరియేనా?” అని అడిగినది. ఆ బాలుడు ఆశ్చర్యముతో తల ఊపినాడు. అంతవఱకు గుసగుసలాడుచున్న పిల్లలందఱును ఒక్కసారి నిశ్శబ్దులైరి. “ఈ మాట బలమైనది. దీనికి సమాధానము చెప్పక నేను ముందుకు పోలేను” అని ఆమె ఆరంభించినది. ఆ సమాధానము సగములో నుండగనే గంట మ్రోగినది.

ఆమెకు బహుమతి రాలేదు. మాకిచ్చిన మార్కుల కాగితములో కంఠమునకు, భాషకు, అభినయమునకు, కాలపాలనమునకు గడులున్నవి; ఎదుటివాని మాట విన్నందులకు గడి లేదు. నేనును ఉన్న గడులనే నింపి, సంతకముచేసి వచ్చితిని. ఆ సంతకము నన్ను నేటికిని బాధించుచున్నది.

ఆ బాలిక చేసిన పనికి మన శాస్త్రములలో ఒక పేరు కలదు: అనుభాషణము. అనగా, ఎదుటివాడు పలికిన పక్షమును ఖండింపబూనుటకు ముందు, దాని యర్థము చెడకుండ తాను తిరిగి పలుకుట. అక్షపాదుడని ప్రసిద్ధి కెక్కిన గౌతముడు తన న్యాయసూత్రముల కడపటి అధ్యాయములో, వాదమునకు దిగినవాడు ఏయే చోటుల ఓడినట్లు ఎంచబడునో నిర్ణయించుచు, 22 నిగ్రహస్థానములను చెప్పినాడు. వానిలో ఒకటి అననుభాషణము: ఒకడు తన పక్షమును ముమ్మాఱు చెప్పి, సభ దానిని గ్రహించిన పిదపను, దానిని తిరిగి చెప్పజాలని ప్రతివాది ఓడినట్లే. వాని ఖండనమెంత పదునైనదైనను లెక్కలోనికి రాదు. తాను దేనిని ఖండించుచున్నాడో చెప్పలేనివాని ఖండనము దేనిని తాకును? దీనికి జోడుగా నిలిచిన వేఱొక నిగ్రహస్థానము అవిజ్ఞాతార్థము: ముమ్మాఱు చెప్పియు, సభకును ప్రతివాదికిని తెలియరాని మాట పలికినవాడు తానే ఓడిపోవును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ముమ్మాఱు చెప్పినను తెలియనిచో దోషము చెప్పినవానిది. సభకు తెలిసిన పిదపను తిరిగి చెప్పలేకున్నచో దోషము విన్నవానిది. వక్తకును శ్రోతకును నడుమ భారమును ఇంత సమముగా పంచిన నియమమును నేను మఱియెచ్చటను చూడలేదు.

చర్చను ఆ గ్రంథమే మూడు తెఱగులుగా విభజించినది. సత్యము తేల్చుకొనుటకై ఉభయులును ప్రమాణములతో చేయునది వాదము. గెలుపే గుఱిగా, ఛలము మొదలైన అడ్డదారులను కూడ త్రొక్కుచు చేయునది జల్పము. తానొక పక్షమును నిలుపక, ఎదుటివానిది పడగొట్టుటయే పనిగా పెట్టికొన్నది వితండము. ఛలమనగా ఎట్టిదో తెలుపుటకు భాష్యకారుడైన వాత్స్యాయనుడు చూపిన దృష్టాంతము పిల్లలకు సైతము చక్కగా బోధపడును. ఒక బాలుడు కొత్త కంబళి కప్పుకొని వచ్చినాడు. వానిని చూచి ఒకరు ‘నవకంబలుడు’ అన్నారు. సంస్కృతమున నవశబ్దమునకు కొత్తది యనియు, తొమ్మిది యనియు రెండర్థములు కలవు గదా. వెంటనే ప్రక్కవాడు లేచి, “తొమ్మిది కంబళ్ళు ఎక్కడివి? వీనికున్నది ఒక్కటే గదా!” అని ఆక్షేపించినాడు. చెప్పినవాని తాత్పర్యము తెలిసియు, మాటలోని చీలికను పట్టుకొని తాత్పర్యమును విడిచిపెట్టుట వాక్ఛలము. అనుభాషణము చేయువాడు ఈ పనికి ఒడిగట్టలేడు. తిరిగి చెప్పునప్పుడు ఏ యర్థములో చెప్పవలెనో నిశ్చయించుకొనక తప్పదు, నిశ్చయించుకొన్న పిదప వేఱర్థమును లాగుటకు సభ ఒప్పదు.

మన పూర్వులు ఈ నియమమును గ్రంథరచనలో సైతము పాటించినారు. భాష్యములను తెఱచిన వారికెల్ల పూర్వపక్షము, సిద్ధాంతము అను క్రమము తెలిసినదే. అందును నాకు అత్యంతము గౌరవము కలిగించినది ఆచార్య నాగార్జునుని విగ్రహవ్యావర్తని. కృష్ణాతీరమున నాగార్జునకొండకు ఏ మహనీయుని పేరు నిలిచినదని మనవారు చెప్పికొందురో ఆయన వ్రాసిన ఈ చిన్ని గ్రంథము 70 కారికలు మాత్రమే. అందు మొదటి 20 కారికలు ప్రతిపక్షుల ఆక్షేపములకే విడిచినాడు! సర్వమును శూన్యమనుచున్నావు గదా, మఱి ఆ చెప్పుచున్న నీ వాక్యము శూన్యమా, కాదా. శూన్యమైనచో అది దేనిని కాదనగలదు, శూన్యము కానిచో నీ ప్రతిజ్ఞ నిలుచుటెట్లు, అని తన మెడకు బిగియునట్టి ప్రశ్నను తానే, ఏ మెత్తదనమును చేర్పక, ప్రతిపక్షి నోట పలికించినాడు. తన గ్రంథములో ఇంచుమించు మూడవ పాలును ఎదుటివానికి దానము చేసినవాని మాట బలహీనమని ఎవరు అనగలరు?

ఇంత ప్రాచీన కాలమునకు పోనక్కఱయే లేదు. మన తాతల కాలముననే ఈ ధర్మమును జీవితాంతము పాటించిన మహావాది ఒకరు ఉండిరి: గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వాచకములు వ్రాసి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిన ఆ మహనీయులు, అచ్చట పట్టిన చలిజ్వరమునకు మితిమీఱి సేవించిన క్వినైను మూలముగ వినికిడిని పోగొట్టుకొనిరి. బడిపిల్లలు ఏ తెలుగులో వ్రాయవలెనను వివాదము రేగి, జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు గ్రాంథిక పక్షమున కోటకట్టి నిలిచినప్పుడు, వారి కెదురుగా వ్యావహారిక పక్షమును ఎత్తుకొన్నది చెవులు సరిగా వినరాని ఈ పెద్దమనిషి. చెవికి అందని మాటను ఆయన కంటితో విన్నారు. ప్రతిపక్షుల గ్రంథములను, వ్యాసములను పుటపుటయు చదివి, వారు ఏ కావ్యములను ప్రమాణములని చెప్పిరో ఆ కావ్యములనుండియే ప్రయోగములు ఏఱి, వారు కూడదన్న రూపములు పూర్వకవులలోనే యున్నవని చూపినారు. అంతటితో ఆగక, గ్రాంథికమే వ్రాయవలెనని శాసించిన పండితులు తాము వ్రాసిన పుస్తకములలోనే తమ వ్యాకరణమునకు ఎచ్చటెచ్చట తప్పిపోయిరో పట్టికలు గట్టి, ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషా భేషజము’ అను గ్రంథమున ప్రకటించినారు. దాని సారము ఇది: జీవితమంతయు ఈ భాషను సాధనచేసిన మీకే నిర్దుష్టముగా వ్రాయుట అలవిగానప్పుడు, పసిపిల్లలను ఎందులకు శిక్షించుచున్నారు?

ప్రతిపక్షుల ఇంటిలో పుట్టిన సాక్ష్యమును వారి యెదుటనే పెట్టుట అందఱికిని సాధ్యముకాదు; వారి ఇల్లు మూలమూలయు తెలిసినవానికే అది సాధ్యము. తణుకులో 1925లో జరిగిన సాహిత్య పరిషత్సభలో ఆయన నాలుగు గంటలసేపు నిలువబడి మాటలాడినారని ప్రసిద్ధి. నాలుగు గంటలు మాటలాడిన వారు మనలో పెక్కురున్నారు. అట్టి ప్రసంగము ముగిసిన పిదప ఎదుటి పక్షమువారి మనస్సులు కదలుట మాత్రము అరుదు. నా కలము నేటికిని పాతబాటను విడువలేదని నా మాటతీరే మీకు చెప్పుచున్నది. అయినను వాదించు పద్ధతిలో ఆయనకు మించిన గురువు మనకు లేడని నిండు మనస్సుతో చెప్పుచున్నాను.

సభావాదములో మఱియొక మర్యాద కలదు, దాని కారణము తెలియక పలువురు దానిని ఒట్టి ఆచారమని తలతురు. శాసనసభలోను, పాఠశాల పోటీలోను మాటలాడువాడు ‘అధ్యక్షా’ అని సంబోధించును. ప్రతిపక్షిపై ఎంత కోపమున్నను వానిని సూటిగా ‘నీవు’ అని పిలువడు, గౌరవసభ్యుడనియే పేర్కొనును. ఇంగ్లండు కామన్సుసభలో రెండు పక్షముల ముందును తివాచీమీద ఎఱ్ఱని గీతలు రెండున్నవి. వాని నడిమి దూరము రెండు కత్తుల పొడవునకు మించినదని సంప్రదాయముగా చెప్పుదురు. మాటలాడు సభ్యుడు ఆ గీత దాటరాదు. అధ్యక్షుని సంబోధించుట మాటకు గీచిన అట్టి గీతయే. కోపముతో బయలుదేఱిన మాట నేరుగా ఎదుటివానిని తాకక, అధ్యక్షపీఠము మీదుగా చుట్టి పోవుటలో సగము వేడి చల్లారును. కేంబ్రిడ్జిలో చదువుకొను దినములలో అచ్చటి విద్యార్థి వాదసంఘమునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన కట్టమంచి రామలింగారెడ్డిగారు, పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరై మన విద్యార్థుల నడుమకు వచ్చినారు. అట్టి సంఘములలో ఒక ప్రస్తావమును ఒకరు ప్రతిపాదించుట, వేఱొకరు ఎదిరించుట, తుదకు సభ్యులు ఓట్లు వేయుట అను పద్ధతిని మన కళాశాలలు స్వీకరించినవి. పద్ధతి వచ్చినది గాని, దాని ప్రాణమైన సమాధాన ప్రసంగము, అనగా విన్నదానికి అప్పటికప్పుడు బదులు చెప్పుట, పెక్కుచోట్ల ఇంకను రాలేదు.

ఇక కంఠము, శ్వాస, నిలుకడ మొదలైనవానిని గుఱించి నాకు తెలిసినదంతయు మా ఊరి రామాలయములో కార్తికమాసమున పురాణము చెప్పిన శాస్త్రిగారి నుండి నేర్చినదే. ఒక్క ఆముదపు దీపము. ఆ వెలుగులో పుస్తకము. మండపము కడపటి స్తంభము ప్రక్కన మా నాయనమ్మయు, ఆమె యీడు ముసలమ్మలును. ఆయన మొదట పుస్తకము తెఱచెడివారు కారు. ముందు వరుసలోని పిల్లలలో ఒకనిని చూచి, “నిన్న కథ ఎక్కడ ఆపానురా అబ్బాయీ?” అని అడిగెడివారు. పిల్లవాడు తనకు తోచినట్లు చెప్పెడివాడు. వాడు తప్పు చెప్పినచో, నిన్నటి చోట తన మాట సరిగా నాటలేదని గ్రహించి, అచ్చటినుండియే మరల ఎత్తుకొనెడివారు. పిదప కడపటి స్తంభము వైపు చూచి, “ఏమమ్మా, వినబడుతోందా?” అనెడివారు. “వినబడుతోంది బాబూ” అని మా నాయనమ్మ అన్న తరువాత ఆ సాయంకాలమంతయు గొంతు ఆ స్థాయిని తగ్గెడిది కాదు, మించెడిది కాదు. పద్యము చదివి ఒక క్షణము ఊరకుండెడివారు. ఆ ఊరకుండుటలోనే పద్యము మా లోనికి దిగెడిది. ఆ నిశ్శబ్దమునకు భయపడి దానిని ‘అయితే’, ‘అంటే’ అను పనిలేని మాటలతో పూడ్చువారిని చూచినప్పుడెల్ల నాకు ఆయన జ్ఞప్తికి వచ్చును.

ఋశ్యమూకమునకు దిగువన, భిక్షురూపమున వచ్చిన హనుమంతుడు పలికిన తొలి పలుకులను విని శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొన్న ఘట్టమును కిష్కింధాకాండములో మీరు చదివియుందురు. మాట మితిమీఱి సాగలేదు, సందిగ్ధముగా లేదు, సాగదీయబడలేదు, పరుగెత్తలేదు, స్వరము మధ్యమము. ముఖమునందును కన్నులయందును కనుబొమలయందును ఏ వికారమును లేదు. వక్తృత్వమును గుఱించిన పెద్ద పుస్తకములన్నియు చెప్పునది ఇంచుమించు ఇంతే. కాని ఆ మెప్పులో నన్ను ఆకర్షించునది వేఱొకటి: ఇన్ని సూక్ష్మములను పట్టుకొనునంత శ్రద్ధతో, భార్యావియోగ దుఃఖములో మునిగియున్న రాముడు, ఒక అపరిచితుని మాటను విన్నాడు. శాంతిపర్వమున జనకుని సభకు వచ్చిన సులభ యను సన్న్యాసిని సైతము, చెప్పువాడును వినువాడును వాక్యమును ఏ లోపమును లేక సమముగా కలిసినప్పుడే అర్థము ప్రకాశించునని ఆ రాజుతో వాదించుచు చెప్పినది. కామముచేత గాని, కోపముచేత గాని, భయముచేత గాని, గర్వముచేత గాని తానేమియు పలుకనని ముందే ప్రకటించి వాదమునకు దిగిన ఆ విదుషిని మన పాఠ్యపుస్తకములు తగినంతగా ఎఱుగవు.

వేదిక నెక్కుటకు భయపడు పిల్లలకు నేను చెప్పునది కొంచెమే. మోకాళ్ళ వణకు నలువది ఏండ్ల తరువాత నాకును పోలేదు. అది మొదటి రెండు వాక్యములతో అణగును గనుక, ఆ రెండు వాక్యములను మాత్రము కంఠస్థము చేయుడు. తక్కినదానిలో మాటలను విడిచి, ఏ సంగతి తరువాత ఏ సంగతి వచ్చునో ఆ వరుసను గుర్తుంచుకొనుడు. సభలో మీకు ఎదురుగా దూరమున నున్న ఒక్క ముఖమును ఎన్నుకొని, ఆ మనిషికి చెప్పుచున్నట్లు చెప్పుడు. ఊపిరి తీసికొనవలసిన చోట వాక్యము ముగియునట్లు ఇంటిలో బిగ్గరగా చదివి చూచికొనుడు. ఇచ్చిన కాలమునకు ఒక నిమిషము ముందే ముగించుడు.

అదిగో, గాజుపలక వెనుకనుండి సైగ వచ్చినది. పాఠశాలలలో పోటీలు నడపు ఉపాధ్యాయులకు ఒక్క విన్నపము చేసి సెలవు తీసికొందును. ఈ మాఱు మీరు మార్కుల కాగితమును గీయునప్పుడు, కంఠమునకును భాషకును గీసిన గడుల ప్రక్కన ఇంకొక గడి గీయుడు. దానికి అనుభాషణమని పేరు వ్రాయుడు. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు, తన మాట మొదలిడుటకు ముందు తనకు ముందటివారి మాటను వారు ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పవలెనని నియమము పెట్టి, అందులకు ఒక్క నిమిషము అదనముగా ఇండు. ఆ నిమిషము ముగియువఱకు గంట కొట్టకుడు.